నలభై ఏళ్లు దాటిన చెక్క కిటికీలు: మార్చాలా, బాగు చేయించుకోవాలా?

భీమిలి నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. భీమునిపట్నంలో సముద్రానికి కిలోమీటరు లోపే, 1983లో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో ఉంటున్నాము. మొత్తం తొమ్మిది కిటికీలు ఉన్నాయి. చట్రాలు మద్ది చెక్కవి, రెక్కలు టేకువి, నిలువుగా ఇనుప ఊచలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు సముద్రం వైపు అద్దాలన్నీ పగిలిపోతే కొత్తవి వేయించాము కానీ చెక్క జోలికి అప్పుడు పోలేదు.

కొన్నేళ్లుగా నాలుగు కిటికీలు వానాకాలంలో ఎంత నెట్టినా మూసుకోవడం లేదు. ఎండలు ముదిరాక అవే రెక్కల మధ్య చిటికెన వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. సముద్రం వైపు పడకగదిలో కిటికీ కింద గోడ రంగు ఏటా పొంగుతుంది, ఏటా గీకించి లప్పం పెట్టించి మళ్లీ రంగు వేయిస్తున్నాము. అదే కిటికీ కింది బద్దలో, ఊచలు దిగిన రెండు చోట్ల చెక్క నిలువునా చీలింది.

ఒక దుకాణం నుంచి వచ్చిన మనిషి పది నిమిషాలు నిలబడి చూసి, తొమ్మిదీ పీకేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించుకోవాలన్నాడు. మా పాత వడ్రంగి మాత్రం ఇలాంటి చెక్క ఈ రోజుల్లో దొరకదు, ముట్టుకోవద్దు అంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి రెండు అద్దాల కిటికీలు పెట్టించమని పోరుతోంది. ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. కిటికీ నిజంగా పనికి రాకుండా పోయిందని మనంతట మనం ఏ గుర్తులను బట్టి తెలుసుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఉలిపట్టిన చెయ్యి

నమస్కారం అండీ. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని కనుక నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా, రెక్కను, చట్రాన్ని వేరు వేరుగా చూడండి. రెక్క పాడైతే రెక్క మార్చుకోవచ్చు, బందులు మార్చుకోవచ్చు. కిటికీని పీకాలా వద్దా అన్నది తేల్చేది గోడలో కూర్చున్న చట్రం ఒక్కటే, అందులోనూ ముఖ్యంగా దాని కింది బద్ద.

వానాకాలంలో బిగిసి ఎండాకాలంలో వదులయ్యే రెక్కలో సాధారణంగా రోగమేమీ ఉండదు. చెక్క తేమను పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, ఆరాక తగ్గుతుంది. కానీ మీరు చెప్పిన చిటికెన వేలంత సందు చూస్తే నాకు వేరే అనుమానం కలుగుతోంది. ఎప్పుడో వానాకాలంలో, రెక్క బాగా ఉబ్బి ఉన్నప్పుడు, మూసుకోవడం లేదని ఎవరితోనో చిత్రిక పట్టించి ఉంటారు. ఆ అంచుకు తిరిగి రంగు వేయకుండా వదిలేస్తే, పచ్చి చెక్క మరింత తేమ తాగి మరుసటి ఏడు ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. రెక్క తెరిచి అడుగు అంచు మీద వేలు పెట్టి తడిమి చూడండి. నున్నగా రంగు తగలకుండా గరుకుగా చెక్క తగిలితే కారణం అదే. చిత్రిక ఎప్పుడు పట్టినా గాలి పొడిగా ఉన్న రోజుల్లోనే పట్టాలి, అదే రోజు అంచులకు రంగు పడాలి.

ఇక చట్రానికి పరీక్ష. గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి తీసుకోండి. కింది బద్ద రెండు మూలల్లోనూ, ఊచలు దిగిన చోటుల్లోనూ, గోడకు ఆనుకున్న అంచు వెంబడి ఓ మోస్తరు బలంతో గుచ్చి చూడండి. చేవ ఉన్న చెక్క మొన కూడా దిగనివ్వదు. అర అంగుళం మెత్తగా దిగిపోయి, తీసినప్పుడు తడి పొట్టు అంటుకుని వస్తే లోపల పుచ్చిపోయినట్టే. తరువాత రూపాయి బిళ్లతో నాలుగు వైపులా తడుతూ పోండి. గట్టి చెక్క టక్కుమంటుంది, చెద తిన్న చెక్క డొల్లగా పలుకుతుంది. చెద సాధారణంగా గోడ వైపు నుంచి తింటూ వచ్చి రంగు పొరను మాత్రం ముట్టుకోదు. అందువల్ల చూపుకు చట్రం నిక్షేపంగా ఉంటుంది, వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతుంది. చట్రానికీ గోడకూ మధ్య సన్నటి మట్టి గీత కనిపించినా, కింద పిండి లాంటి పొడి రాలుతున్నా ఆ కిటికీని తప్పకుండా గుచ్చి చూడండి.

రెక్క కొసను పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కదిలితే మేకులో, బందులో వదులయ్యాయన్నమాట. పాత రంధ్రంలో చెక్క మేకు దిగగొట్టి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ఈ మాత్రానికి ఎవరైనా కిటికీ మార్చమంటే నమ్మకండి.

మీ వడ్రంగి గారు చెప్పింది రెక్కల విషయంలో నిజమే. 1983 నాటి టేకు రెక్కల్లో చేవ ఎక్కువ, తెల్ల చెక్క తక్కువ ఉంటుంది. చట్రం పోయినా రెక్కలను పారేయకండి, కొత్త చట్రానికి వాటినే బిగించుకోవచ్చు.

విశ్రాంత ఇంజనీరు

పై మిత్రులు చెక్క గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను గోడ గురించి చెబుతాను. నా ఉద్యోగ జీవితంలో కొత్త కిటికీ పెట్టించిన రెండో ఏడాదికే అదే చోట గోడ మళ్లీ పొంగిన ఇళ్లను చాలా చూశాను. అలాంటి ఇళ్లలో నీరు కిటికీలోంచి కాక దాని చుట్టుపక్కల నుంచి వచ్చేది.

మీ పడకగదిలో గోడ పొంగడానికి మూడు దారులు ఉండవచ్చు. మొదటిది కిటికీ కింద బయటి వైపు ఉండే గట్టు. దాని మీద చెంబుడు నీళ్లు నెమ్మదిగా పోసి ఎటు పారతాయో చూడండి. లోపలి వైపు పారినా, అక్కడే నిలిచినా, ప్రతి ఎదురుజల్లుకూ చట్రం అడుగు భాగం నీళ్లలో నానుతోందని అర్థం. రెండవది సన్‌షేడ్. పైన నీరు నిలిచి గోడలోకి దిగుతూ ఉండవచ్చు, లేదా దాని అంచు కింద ఉండవలసిన సన్నటి గాడి ఏళ్ల తరబడి వేసిన పూతలతో పూడుకుపోయి, నీటిబొట్లు అక్కడ తెగి పడకుండా గోడ దాకా జారి రావచ్చు. మూడవది చట్రానికీ సిమెంటు పూతకూ మధ్య విచ్చిన సందు. ఏది కారణమో తేల్చుకోవడానికి వానలు లేని రోజున గొట్టంతో ముందు గట్టు మీద, తరువాత చట్రం పక్కల, చివర సన్‌షేడ్ మీద, ఒక్కొక్క చోట పావుగంట చొప్పున నీళ్లు పట్టి, లోపల ఒకరిని నిలబెట్టి చూడమనండి. పై నుంచి మొదలుపెడితే నీరంతా కిందికి జారి ఏ దారిన వచ్చిందో తెలియకుండా పోతుంది.

ఊచల దగ్గర చెక్క చీలడం మాత్రం నిజమైన హెచ్చరిక. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఉప్పుగాలి తగిలే మీ ఊళ్లో, నీరు నిలిచే రంధ్రంలో దిగి ఉన్న ఊచ లోపల్లోపలే లావెక్కి, మేకు కొట్టినట్టు చెక్కను చీలుస్తుంది. చీలిక ఉన్న చోట ఊచను రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడండి. ఆడుతూ ఉంటే దొంగ కూడా దాన్ని అలాగే ఊపగలడు. ఊచలు పై బద్ద నుంచి కింది బద్ద దాకా దిగి ఉంటాయి కనుక కింది బద్ద ఒక్కటే మార్చాలన్నా చట్రమంతా విప్పవలసి వస్తుంది. అప్పుడు మార్చడమే తెలివైన పని.

కిటికీ మూలల నుంచి గోడ మీద ఏటవాలుగా పగుళ్లు ఉన్నాయేమో కూడా గమనించండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టి, రెండు కర్ణాల కొలతలూ పోల్చండి. బాగా తేడా ఉండి, దానికి తోడు పగుళ్లు కూడా ఉంటే, లింటెల్ (కిటికీ పైన గోడను మోసే దూలం) గానీ పునాది గానీ కుంగి ఉండవచ్చు. అప్పుడు వడ్రంగి కంటే ముందు నిర్మాణం తెలిసిన ఇంజనీరును పిలవాలి.

తొందరపడి మార్చినవాడు

మాది విశాఖపట్నం. నాలుగేళ్ల కిందట ఒకేసారి అన్ని కిటికీలూ మార్పించి పశ్చాత్తాపపడిన వాణ్ణి కనుక రెండు మాటలు.

మేము పెట్టించినవి పక్కకు జరిపే యూపీవీసీ కిటికీలు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి, దుమ్ము తగ్గింది, అది ఒప్పుకుంటాను. కానీ జరిపే కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుందన్న చిన్న సంగతి డబ్బు కట్టాక గానీ తట్టలేదు. సాయంత్రం సముద్రపు గాలి రెండు రెక్కల నిండుగా వచ్చే గదిలో ఇప్పుడు ఫ్యాను లేకుండా కూర్చోలేకపోతున్నాము. మీరు మార్పించినా బయటికి తెరుచుకునే రెక్కలే అడగండి.

రెండో వానాకాలంలో అడుగు పట్టాలో నీళ్లు నిండి గదిలోకి పొర్లాయి. నీరు బయటికి పోవడానికి పట్టాకు ఉండే రంధ్రాలను బిగించినవాళ్లు సిమెంటుతో మూసేశారు! చట్రాన్ని గోడకు పట్టి ఉంచవలసిన స్క్రూలు మామూలు ఇనుపవి కావడంతో తుప్పు చారలు కారాయి. తీర ప్రాంతంలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడాలని తరువాత తెలిసింది. చట్రపు ప్లాస్టిక్ పట్టీల లోపల బలానికి పెట్టే ఉక్కు ఉందో లేదో కూడా ముందే ముక్క కోయించి చూడవలసింది.

విశ్రాంత ఇంజనీరు

ఉక్కు మాట బాగా గుర్తు చేశారు. గాలి భారాలను లెక్కించే మన ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగంలో విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు అది 44 మాత్రమే. అక్కడ సరిపోయిన పట్టీనే, అక్కడ సరిపోయిన అద్దాన్నే మీకు అంటగడితే ఒప్పుకోకండి.

రెండు అద్దాల కిటికీ గురించి కూడా చెప్పాలి. డాలస్‌లో ఇళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం తలుపులు బిగించి ఉంటాయి కనుక అక్కడ అది అవసరం. అక్కడ అద్దాల మధ్య మంచులాగా మసక కడితే గాలి చొరబడకుండా అంచుల్లో ఉండే సీలు పోయిందని, మార్చే సమయం వచ్చిందని గుర్తు పడతారు. పగలంతా కిటికీలు బార్లా తెరిచి ఉంచే ఇంటికి రెండో అద్దం పెట్టించి ప్రయోజనం లేదు. రోజూ ఏసీ నడిచే గది ఒకటి ఉంటే, ఆ ఒక్క గదికి ఆలోచించండి.

ఇద్దరు పిల్లల తల్లి

పాత రంగు గీకించే ముందు ఒక జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందటి రంగు పొరల్లో సీసం ఉండే అవకాశం ఉన్నదనే అనుకుని పని చేయించాలి. పొడిగా గీకడం, మంటతో కాల్చడం వద్దు. నీళ్లు చల్లి తడి గరుకు కాగితంతో రుద్దించి, రాలిన పెచ్చులను గుడ్డ మీద పట్టి, పిల్లలను ఆ రోజుకు వేరే గదిలోనో బంధువుల ఇంట్లోనో ఉంచండి. ఏటా గోడ గీకిస్తున్నామన్నారు కనుక చెప్పాలనిపించింది.

భీమిలి నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మా తమ్ముడిని తోడు పెట్టుకుని తొమ్మిది కిటికీలూ పరీక్షించాను.

పడకగది కిటికీ కింది బద్దలో దబ్బనం ఊచల దగ్గర ముప్పావు అంగుళం దిగింది. మధ్య ఊచ చేతిలో ఆడుతోంది. గట్టు మీద నీళ్లు పోస్తే నేరుగా చట్రం వైపే పారాయి. సన్‌షేడ్ మీద మాత్రం పావుగంట నీళ్లు పట్టినా లోపల చెమ్మ రాలేదు.

అసలు ఆశ్చర్యం వంటింటి కిటికీ. అన్నిటికంటే కొత్తగా కనిపించేది, నిరుడే రంగు వేయించినది అదే. ఎడమ నిలువు బద్దను రూపాయి బిళ్లతో తడితే ఖాళీ డబ్బాలా మోగింది. బొటనవేలితో నొక్కగానే రంగు పొర విరిగి వేలు లోపలికి పోయింది, లోపలంతా చెద మట్టి. దుకాణం మనిషి దీనిని ముట్టుకుని కూడా చూడలేదు.

బిగిసే నాలుగింటి అడుగు అంచులు, ఉలిపట్టిన చెయ్యి గారు అన్నట్టే, పచ్చిగా గరుకుగా ఉన్నాయి. ఎప్పుడో ఆగస్టులో చిత్రిక పట్టించిన సంగతి మా ఆవిడ గుర్తు చేసింది. తక్కిన మూడింటిలో బందులు వదులవడం తప్ప ఏ లోపమూ కనిపించలేదు. కర్ణాల కొలతలు అన్నిటిలోనూ దాదాపు సరిపోయాయి.

కనుక రెండు చట్రాలు మాత్రమే మార్పిస్తాను, రెక్కలు పాతవే. గట్టుకు బయటి వైపు వాలు పెట్టించాకే కొత్త చట్రం పెట్టిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. వంటింటి చట్రం పీకిన వెంటనే కొత్తది పెట్టవచ్చా, లేక చెద మందు వేయించి ఆగాలా?

ఉలిపట్టిన చెయ్యి

ముందు మందే. చట్రం పీకగానే గోడలో మట్టి గీత ఎటు నుంచి వచ్చిందో కనిపిస్తుంది, దాని వెంబడి నేల దాకా వెళ్లి మొదలు ఎక్కడుందో చూసి అక్కడ మందు వేయించండి. వంటింట్లో చెక్క అలమరా ఉంటే దాని వెనుక కూడా తట్టి చూడండి. చెద మందు వేసేవాళ్లు చెప్పినన్ని రోజులు ఆ ఖాళీకి రేకు కొట్టించి ఉంచండి. కొత్త చట్రంలో గోడ వైపు ఉండే ముఖాలకు కూడా, లోపల పెట్టక ముందే, మందూ రంగూ పట్టించమని వడ్రంగికి గట్టిగా చెప్పండి. కనపడని వైపు కదా అని చాలామంది వదిలేస్తారు.