సీకే-666 వేసినా చేప కెరటోసైట్లు ఆగడం లేదు, ఎందుకు?

కావలి_జువాలజీ
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బ్లాక్ టెట్రా చేప పొలుసుల నుంచి కెరటోసైట్లు (పాకే చర్మ కణాలు) తీసి, కణం ముందంచులో యాక్టిన్ అనే ప్రొటీన్ దారాలు (ఫిలమెంట్లు) ఎట్టా పెరుగుతాయో చూస్తున్నాం. మందు లేని కణాలు నిమిషానికి 15 మైక్రాన్ల దాకా పాకుతున్నాయి. యాక్టిన్ దారాలకు కొమ్మలు మొలిపించే ఆర్ప్2/3 అనే ప్రొటీన్ల గుంపును ఆపే మందు సీకే-666 ను 100 మైక్రోమోలార్ వేసి 20 నిమిషాలు ఆగి చూస్తే వేగం తగ్గుతోందే గానీ ఆగిపోవడం లేదు. మందు పాడైనట్టా? రెండో సందేహం: కోఫిలిన్ అనే ప్రొటీన్ ఫిలమెంట్లను తెంచుతుంది కదా, అది లేకపోతే కణం ఇంకా బాగా పాకాలి. మరి కదలిక తగ్గుతుందని ఎందుకంటారు? ఇంకోటి, మధ్యాహ్నం అయ్యేసరికి చాలా కణాలు గుండ్రంగా ముడుచుకుంటున్నాయి. గదిలో ఏసీ లేదు, కణాలు ఉంచే ద్రవం (మీడియం) డీఎమ్ఈఎమ్.

ముత్తుకూరు_మత్స్య
ముందు మూడోది సరిచేసుకోండి. అది తేలకుండా మందు ఫలితాలు నమ్మబాకండి. మన నెల్లూరు ఎండల్లో ఏసీ లేని గది 38 డిగ్రీలు దాటుతుంది. ఈ కణాలకు 22 నుంచి 26 మధ్య హాయి. డీఎమ్ఈఎమ్‌లో బైకార్బొనేట్ ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ లేని గాలిలో పెడితే క్షారం అయిపోతుంది. ఎరుపు కాస్తా ఊదా రంగుకు తిరిగిందంటే అదే సంగతి. లీబోవిట్జ్ ఎల్-15 వాడండి, అది మామూలు గాలికే తయారైన మీడియం. 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ సీరం), యాంటీబయాటిక్, పీహెచ్ 7.4.

స్లైడు తెరిచి పెడితే నీరు ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది, కణం ముడుచుకోవడానికి అదొక్కటే చాలు. వాసలీన్, లానొలిన్, ప్యారాఫిన్ సమపాళ్లలో కరిగించి అంచులు మూసేయండి. పొలుసు తేలిపోకుండా రెండు కవర్‌స్లిప్‌ల మధ్య పెట్టి, మొదటి గంట చుక్క మీడియంతోనే ఉంచి, తర్వాత నింపండి. పొర పొరగా పాకి వచ్చిన కణాలను విడగొట్టాలంటే 85 శాతం పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో 2.5 మిల్లీమోలార్ ఈజీటీఏ (కాల్షియంను పట్టేసేది), ఐదు నిమిషాలు. పొరలో ఉన్న కణం వేగం, ఒంటరి కణం వేగం ఒకటి కావు. రెండూ కలిపి సగటు తీయబాకండి.

బజారులో ఐసు మీద పెట్టిన శీలావతి, బొచ్చె పొలుసులతో పని కాదు, బతికున్న చేపే కావాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి.

ఒంగోలు_సెల్‌బయో
మందు బాగానే ఉన్నట్టుంది. సీకే-666 ఆర్ప్2/3ని పనిచేయని ఆకారంలో పట్టి ఉంచుతుంది. దాంతో 70 డిగ్రీల కోణంలో మొలిచే కొత్త కొమ్మలు ఆగుతాయి. అయితే ఫిలమెంట్లను పొడిగించడం ఆర్ప్2/3 పని కాదు, అది పుట్టించేది మాత్రమే. ఫార్మిన్లు, ఎనా/వీఏఎస్‌పీ అనే వేరే ప్రొటీన్లు పొడిగిస్తూనే ఉంటాయి. ప్రొఫిలిన్ అనే ప్రొటీన్ మోసుకొచ్చే మోనోమర్లు (విడి యాక్టిన్ యూనిట్లు) ఆర్ప్2/3 వాడుకోనప్పుడు వాటివైపే మళ్లుతాయి. వెనకనుంచి మయోసిన్-2 అనే మోటార్ ప్రొటీన్ లాగుడు ఎటూ ఉంది. అందుకే వేగం సున్నా కాదు. మీరు వేగం ఒక్కటే కొలుస్తున్నారు, అంచు ఆకారం కూడా చూడండి. నున్నగా అర్ధచంద్రంలా ఉండే ముందంచు ఇరుకై, గరుకుగా మారిందంటే మందు పనిచేసినట్టే.

సరిచూసుకోవడానికి ఒక చాంబర్‌లో సీకే-689 (సీకే-666ను పోలినదే గానీ పనిచేయనిది) అదే మోతాదులో, ఇంకోదాంట్లో ఒట్టి డీఎమ్ఎస్‌వో (మందు కరిగించే ద్రవం) అదే శాతంలో. 50 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 1:500 కలిపితే 0.2 శాతమే పడుతుంది. చల్లటి మీడియంలో వేస్తే స్ఫటికాలు కట్టొచ్చు, గది వేడికి తెచ్చి కలపండి. ఇంకో చాంబర్‌లో 1 మైక్రోమోలార్ లాట్రంక్యులిన్-ఎ (విడి యాక్టిన్‌ను పట్టేసేది) వేస్తే కదలిక ఆగిపోవాలి. దానికీ ఆగకపోతే మందు కణాల దాకా చేరడం లేదన్నమాట.

ఇక కోఫిలిన్. లెక్క వేసి చూడండి. ఒక మైక్రాన్ ఫిలమెంట్‌లో దాదాపు 370 యూనిట్లు ఉంటాయి. పరీక్షనాళికలో, ఏ ప్రొటీన్ తోడూ లేకుండా, వెనక చివర నుంచి సెకనుకు 0.25 యూనిట్లు ఊడతాయి. అంటే ఆ ఒక్క మైక్రాన్ విడిపోవడానికి 25 నిమిషాలు పడుతుంది. గోల్డ్‌ఫిష్ కెరటోసైట్లలో 1991లో థెరియో, మిచిసన్ కొలిస్తే ఫిలమెంట్ల అర్ధాయువు 23 సెకన్లే! ఈ తేడా తెచ్చేవాటిలో కోఫిలిన్‌దే పెద్ద చేయి. అది ఏడీపీ ఉన్న (ఏటీపీ ఖర్చయిపోయిన) పాత యాక్టిన్‌నే పట్టుకుని తెంచుతుంది. ముందంచున కొత్తగా చేరినవి ఏటీపీతో ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోదు. తెగినవి మోనోమర్లుగా మారితే ప్రొఫిలిన్ ఏడీపీ తీసేసి ఏటీపీ ఎక్కించి మళ్లీ ముందుకు పంపుతుంది. తెంచేవాళ్లు లేకపోతే యాక్టిన్ అంతా పాత వలలోనే ఇరుక్కుని, ముందంచుకు సరుకు అందదు. కోఫిలిన్‌ను ఆపాలంటే కణం లిమ్ కైనేజ్ అనే ఎంజైమ్‌తో దాని సెరీన్-3 (మూడో అమైనో ఆమ్లం) మీద ఫాస్ఫేట్ పెడుతుంది, స్లింగ్‌షాట్ అనే ఫాస్ఫటేజ్ దాన్ని తీసేస్తుంది.

కావలి_జువాలజీ
చాలా థ్యాంక్సన్నా. మయోసిన్‌నూ ఆపి చూద్దామని బ్లెబ్బిస్టాటిన్ తెప్పించాం. యాక్టిన్ ఫిలమెంట్లకు అతుక్కుని వెలిగే ఫాలాయిడిన్ స్టెయినింగ్‌లోనేమో ఏమీ వెలగడం లేదు. మెథనాల్‌తో ఫిక్స్ చేశాం.

ఒంగోలు_సెల్‌బయో
మెథనాల్ యాక్టిన్ ఆకారాన్ని చెడగొడుతుంది, ఇక ఫాలాయిడిన్ అతుక్కోదు. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 15 నిమిషాలు, ఆపైన 0.1 శాతం ట్రైటాన్ (కణ పొరకు రంధ్రాలు చేసేది) ఐదు నిమిషాలు. బ్లెబ్బిస్టాటిన్ 25 నుంచి 50 మైక్రోమోలార్, కానీ నీలం వెలుతురు తగిలితే అది విరిగి కణాలకు విషమవుతుంది. ఎర్ర ఫిల్టర్ పెట్టి ఫేజ్ కాంట్రాస్ట్‌లోనే చూడండి. నీలం కాంతి తప్పదంటే నైట్రో-బ్లెబ్బిస్టాటిన్ తెప్పించుకోండి. కెరటోసైట్లు బ్లెబ్బిస్టాటిన్‌కు కూడా పూర్తిగా ఆగవు, కంగారు పడబాకండి. మయోసిన్ వెనకవైపు పాత వలను చీల్చడంలోనూ సాయపడుతుంది. బ్లెబ్బిస్టాటిన్‌తో పాటు ఫిలమెంట్లను విడిపోనివ్వని జాస్‌ప్లాకినోలైడ్ కూడా వేస్తేనే కదలిక ఆగుతుంది. ఆ చాంబర్‌ను మాత్రం ఫాలాయిడిన్‌తో స్టెయిన్ చేయబాకండి. రెండూ యాక్టిన్ మీద ఒకే చోట కూర్చుంటాయి, ఖాళీ స్లైడు చూసి యాక్టిన్ లేదనుకుంటారు.