అప్‌డేట్: పీహెచ్‌డీ మధ్యలో పాప, 240 రోజుల సెలవు వచ్చింది

పాపకి ఏడో నెల, పీహెచ్‌డీ నాలుగో ఏడు, స్కాలర్లకు సెలవులుండవని ఆఫీసులో అంటున్నారు, మానేయాలా అని మూడు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది ఒకే సలహా: యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 పీహెచ్‌డీ నిబంధనలు ప్రింట్ తీసి దరఖాస్తుకి జత చేయమన్నది. మహిళా స్కాలర్లకు పీహెచ్‌డీ మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, పాప బర్త్ సర్టిఫికెట్ పెట్టి, గైడ్ గారి సంతకంతో ఇచ్చాను. పదకొండో రోజు ఆర్డర్ చేతికొచ్చింది. గైడ్ గారు మొదటి నుంచీ నా వైపే, ఆయనకీ ఈ రూల్ తెలియదంతే.

మెడికల్ సర్టిఫికెట్ కోసం తిరిగిందంతా వృథా, ఎవరూ అడగలేదు. గడువు గురించి టెన్షన్ కూడా అక్కర్లేకపోయింది. పీహెచ్‌డీకి ఉన్న ఆరేళ్ల గడువు దాటితే రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు అదనంగా ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చు. సెలవు మాత్రం మొత్తం 240 రోజులే, ఎప్పుడు తీసుకోవాలో బాగా ఆలోచించుకోండి.

నిన్న పాప గోడ పట్టుకుని మొదటిసారి లేచి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.