బోరు మోటారుకి ఏ మాడ్యూల్? జియో సిమ్ పట్టట్లేదు

చేనుగట్టు: సిమ్800ఎల్ అనే సిమ్ మాడ్యూల్‌తో మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆడే పెట్టె కట్టా. జియో సిమ్ వేస్తే నెట్‌వర్క్ దొరకదు. ఏ మాడ్యూల్ కొనాలి? ఏంటెన్నా పెట్టె లోపలా, బయటా? వానకి ఏం చేస్తున్నారు?

కెపాసిటర్ మామ: ముందు సప్లై చూడు తమ్ముడూ. టవర్‌తో మాట్లాడేటప్పుడు మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. 3.4 వోల్టుల కిందికి జారిందా, రీస్టార్టే. మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్. నెల్రోజులు కోడ్‌ని తిట్టుకున్నా, తీరా చూస్తే తప్పు సన్న వైరుది.

4జీ చందు: మామా, సిమ్800ఎల్ 2జీది, జియోకి 2జీయే లేదు. నువ్వు బస్తాడు కెపాసిటర్లు పోసినా సిగ్నల్ పుట్టదు. 4జీ మాడ్యూల్, క్యాట్ 1 రకం తీసుకో బ్రో, ఎ7670 లాంటిది.

కెపాసిటర్ మామ: నేను జియో ఊసెత్తానా? పదిహేనేళ్లుగా బోర్డులు కడుతున్నా.

4జీ చందు: అందుకే ఇంకా 2జీలో ఉన్నారు.

పచ్చిమిర్చి: ఎ7670 అనగానే కొనెయ్యకండి, చివరి అక్షరం చూడండి. బ్యాండ్లు, అంటే అది పట్టే ఫ్రీక్వెన్సీలు, మారతాయి. జియోవి 4జీలో 3, 5, 40. పైగా నాకు డేటా వచ్చింది, కాల్ మోగలేదు! వోల్టీ (4జీలో కాల్ మాట్లాడే పద్ధతి) లేని ఫర్మ్‌వేరట. అమ్మినవాడు ఫోనెత్తడు.

బాయికాడ: గీ పెట్టెలెందుకు? 2018 జనవరి నుంచి తెలంగాణల 24 గంటల కరెంటొచ్చినంక ఆటో స్టార్టర్లు తీసెయ్యుమని సర్కారే మొత్తుకున్నది. నీళ్లు అడుగంటుతున్నయ్.

4జీ చందు: అన్నా, అది కరెంటు రాగానే తనంతట తానే ఆడేది. ఇది మనం పిలిస్తేనే.

బాయికాడ: పిలిశి మర్శిపోతరు. మా పక్కచేను నిన్న పొద్దుగూకేదాంక పారింది.

పచ్చిమిర్చి: టైమర్ పెట్టుకోమనండి.

బాయికాడ: మీ ఊర్ల పెట్టుకుంటరా?

ఏటీ కమాండ్: ఎన్‌బీ-ఐవోటీ బెటర్, చిన్న చిన్న డేటా పంపే నెట్‌వర్క్.

పచ్చిమిర్చి: అందులో కాల్సే ఉండవు, దాంతో మిస్డ్ కాల్ ఎలా ఇస్తారు సార్?

చేనుగట్టు: ఎయిర్‌టెల్ సిమ్ వేశా, దొరికింది. కానీ కాల్ రాగానే రీస్టార్ట్ అవుతోంది.

కెపాసిటర్ మామ: 😀😀

చేనుగట్టు: సరే మామా, రేపే వేస్తా. ఏంటెన్నా సంగతి ఒక్కరూ చెప్పలేదు.

ఏటీ కమాండ్: స్టార్టర్ పెట్టె ఇనపదా? మాడ్యూల్‌కి ఏటీ+సీఎస్‌క్యూ కమాండ్ కొట్టు, సిగ్నల్ బలం నంబర్‌గా చెప్తుంది, ఎక్కువుంటే మంచిది.

చేనుగట్టు: తలుపు తీస్తే 17. మూస్తే 6.