415 వోల్ట్ పీసీసీ (పవర్ కంట్రోల్ సెంటర్ ప్యానెల్) ఇన్‌కమర్ దగ్గర ఆర్క్ ఫ్లాష్ (షార్ట్ అయినప్పుడు గాల్లో లేచే విద్యుత్ మంట) ఎనర్జీ తగ్గించేదెలా?

ఫీడర్‌బే:
2000 కెవిఎ, 11 కెవి/433 వోల్ట్ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ 6.25 శాతం. ఇన్‌కమర్ (ప్యానెల్‌కు సరఫరా ఇచ్చే మెయిన్ బ్రేకర్) 3200 ఆంప్స్ ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్). దాని షార్ట్ టైమ్ ట్రిప్ (పెద్ద ఫాల్ట్‌కి కొద్ది డిలేతో పడేది) రేటింగ్‌కు 8 రెట్లు, డిలే 0.4 సెకన్లు. స్టడీలో బస్‌బార్ దగ్గర చదరపు సెంటీమీటరుకు 27 క్యాలరీలు వచ్చింది. 40 క్యాలరీలు తట్టుకునే రక్షణ సూట్ కొంటే చాలంటున్నారు మావాళ్లు. ప్యానెల్ మార్చకుండా ఇంకేం చేయొచ్చు?

రిలేసెట్టింగ్:
సూట్ చివరి సంగతండి, ముందు ఆ 8 రెట్లు చూడండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ లెక్కన వచ్చే 42 కిలో ఆంప్స్ అనేది బోల్టెడ్ ఫాల్ట్‌కి (మధ్యలో ఆర్క్ లేని నేరు షార్ట్‌కి). ఆర్క్‌లో కరెంట్ 25 దరిదాపులకు పడిపోవచ్చు, మీ పికప్ (ట్రిప్ మొదలయ్యే కరెంట్) 25.6. షార్ట్ టైమ్ అందుకోకపోతే లాంగ్ టైమ్ (నెమ్మదిగా పనిచేసే ఓవర్‌లోడ్ ట్రిప్) మీదే ఆధారం, సెకన్ల తరబడి మండుతుంది. 4 రెట్లకు దించండి. పెద్ద మోటార్ స్టార్టింగ్‌కీ, కింది ఫీడర్లతో కోఆర్డినేషన్‌కీ (కింది బ్రేకరే ముందు ట్రిప్ అవ్వడానికి) సరిపోతుందో చూసుకోండి.

తర్వాత మెయింటెనెన్స్ మోడ్ స్విచ్. ఆన్ చేస్తే డిలే ఉండదు, ఏసీబీ సుమారు 70 మిల్లీసెకన్లలో తెరుచుకుంటుంది. ఎనర్జీ దాదాపు టైమ్‌ని బట్టే మారుతుంది, కాబట్టి 27 కాస్తా 5 దగ్గరకు వస్తుంది. పని అయ్యాక ఆఫ్ చేయడం మర్చిపోతారు, ల్యాంప్‌తో పాటు స్కాడా (కంట్రోల్ రూమ్ పర్యవేక్షణ సిస్టమ్) అలారం కూడా పెట్టండి.

ఫీడర్‌బే:
ఇన్‌కమర్ కేబుల్ చాంబర్‌లో ఆర్క్ వస్తే?

విసిబిమిత్ర:
అక్కడ పై సెట్టింగులేవీ పనికిరావు. ఏసీబీ ట్రిప్పయినా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫీడ్ వస్తూనే ఉంటుంది. 25 కిలో ఆంప్స్ ఆర్క్ 11 కెవి వైపు సుమారు 980 ఆంప్సే. 11 కెవి రిలేలో ఇన్‌స్టంటేనియస్‌ని (డిలే లేని ట్రిప్‌ని) ఎల్‌టి (415 వోల్ట్) వైపు బోల్టెడ్ ఫాల్ట్‌కి (11 కెవి వైపు దాదాపు 1680 ఆంప్స్) పైన పెడతాం కదా, అది కదలదు. ఆర్క్ రిలే (ఆర్క్ వెలుతురును పట్టే రిలే) పెట్టి, ఆ చాంబర్ సెన్సార్ నుంచి నేరుగా 11 కెవి విసిబికి (వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్‌కి) ట్రిప్ ఇవ్వండి.

రిలేసెట్టింగ్:
అవును. వెలుతురుతో పాటు కరెంట్ కండిషన్ కూడా కలపాలి, లేదంటే తలుపు తెరిచి టార్చ్ వేసినా ట్రిప్పే. కరెంట్ సిగ్నల్ 11 కెవి సీటీల (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల) నుంచి తీసుకోండి. ఇన్‌కమర్ సీటీలు ఏసీబీ తర్వాత ఉంటే కేబుల్ చాంబర్ ఆర్క్ కరెంట్ వాటికి కనిపించదు. సిమెంటు ప్లాంటయితే సెన్సార్ల మీద దుమ్ము పేరుకుంటుంది, షట్‌డౌన్‌లో తుడిచి, తయారీదారు చెప్పిన ఫ్లాష్‌తో, కరెంట్ ఇంజెక్ట్ చేసి టెస్ట్ చేయండి. ట్రిప్ కమాండ్ విసిబి కాయిల్ దాకా వెళ్తోందో చూడాలి, రిలే ఎల్‌ఈడీ వెలిగితే చాలదు.

ఏసీబీ ర్యాకింగ్ (బ్రేకర్‌ను ప్యానెల్‌లోకి నెట్టడం, బయటికి లాగడం) మాత్రం తలుపు మూసే, వీలైతే రిమోట్ ర్యాకింగ్ మోటార్‌తో.