ఇరుమారు ముమ్మారు: విరగడమా, కాచడమా?

కొలిమిరవ్వ: పెద్దలకు నమస్కారం. వేమన పద్యమొకటి పొద్దుటి నుంచీ నోట్లో నానుతోంది. 'ఇనుము విరిగెనేని ఇరుమారు ముమ్మారు / ... యతుకనేర్చు కమ్మరీడు'. ఆ ఖాళీలో 'కాచి'నా, 'కాల్చి'నా? సుత్తిదెబ్బలు తిన్న లోహం లోపల ఏమవుతుందో పిల్లలకు రాస్తున్నాను, ఎత్తుగడకు ఇది కావాలి.

అరసున్న: 'కాచి'. మా తాతగారు అలాగే చదివేవారు.

గలం: వినికిడి సాక్ష్యం చాలదండీ. రెండూ గలాలే (గురువు, ఆపై లఘువు), యతి కూడా రెంటికీ చెల్లుతుంది. ఛందస్సు తేల్చదు కాబట్టి అర్థమే చూడాలి. పాలు కాస్తాం, వంకాయ కాలుస్తాం. కాలిస్తే వస్తువు రూపు చెడుతుంది. నా ఓటు 'కాచి'కే.

కొలిమిరవ్వ: గలం గారూ, నాకు కావలసింది సరిగ్గా ఆ తేడానే! కాచిన లోహానికి పైరూపు మారదు, లోపల మారుతుంది. రాగి తీగను వంచి మళ్లీ తిన్నగా చేయబోండి. వంచిన చోటు మొండికేస్తుంది, దాని పక్కన వంగుతుంది. స్ఫటికంలో పరమాణువుల వరుస తప్పిన చోట్లను డిస్లొకేషన్లంటాం. మెత్తబరిచిన లోహంలో చదరపు సెంటీమీటరుకు 10 లక్షల నుంచి 10 కోట్ల దాకా ఉండేవి, బాగా సాగగొడితే 10,000 కోట్లు దాటుతాయి. ఒకదానికొకటి అడ్డుపడతాయి. గట్టిదనమూ పెళుసుదనమూ దాంతోనే వస్తాయి. కాస్తే ముందు లోపలి బిగువు సడలుతుంది, ఇంకా కాస్తే కొత్త రేణువులు, అంటే చిన్న చిన్న స్ఫటికాలు, పుడతాయి.

పెంబర్తి దారి: మా దగ్గర ఇత్తడి రేకు పనివాళ్లు కాచి కొడతారు, బిగుసుకోగానే మళ్లీ కాస్తారు. కాబట్టి 'ఇరుమారు ముమ్మారు'ను 'విరిగె'తో కాదు, 'కాచి'తో కలపాలి. రెండు మూడు సార్లు కాచి అతుకుతాడని భావం.

గలం: ఒప్పుకోను. ఇనుము ఎన్నిసార్లు విరిగినా అతుకుతుంది, మనసు ఒక్కసారి విరిగితే ఇక అతకదు. ఆ పోటీ పోతే పద్యంలో ఏం మిగిలింది?

పెంబర్తి దారి: మూడో పాదంలో 'మనసు విరిగెనేని' దగ్గర 'ఒక్కసారి' అన్న మాట ఎక్కడుందండీ? అది మీరు చేర్చుకున్నది.

అరసున్న: 'కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా' అన్నదీ ఈయనే. లోహాన్ని చెవితో కూడా ఎరిగిన కవి. 'విశ్వదాభిరామ'లోని అభిరాముడు వేమన స్నేహితుడైన అభిరామయ్య అనే కంసాలి అన్న కథ నిజమో కాదో గానీ, కొలిమి దగ్గర కూర్చోనివాడికి ఈ పోలికలు తట్టవు.

కొలిమిరవ్వ: విరగడానికి ప్రతిసారీ దెబ్బ అక్కర్లేదు కూడా. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా తొడుగులు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. మూతి నొక్కిన చోట బిగువు లోపలే ఉండిపోయింది, గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా అక్కడే పట్టుకుంది. సుమారు 250 డిగ్రీల దగ్గర కాస్తే గట్టిదనం తగ్గకుండానే ఆ బిగువు పోతుంది. దాన్ని కాల్చడమని ఎవరనగలరు?

గలం: శాస్త్రం బాగుంది, అన్వయానికి మాత్రం అది సాక్ష్యం కాదు. వేమన పద్యాలకు బ్రౌన్ వేయించిన 1829 అచ్చు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ పద్యం ఉందేమో చూడండి. మూడో పాదం కూడా చూడండి, 'మరి యంటనేర్చునా' అనే ఉందా, 'మరి చేర్చరాదయా' అని ఉందా?

అరసున్న: 'యంటనేర్చునా'. ఇందులో సందేహమేముంది?