పగలు ఎక్స్‌రే గది, రాత్రి స్టేజీ: పాలీన్ బ్లాక్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పాలకొల్లు_పాట:

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర. భీమవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ముహూర్తాల సీజన్‌లోనూ జాతరలప్పుడూ మా ఆర్కెస్ట్రాతో పాడతాను. ఆసుపత్రిలో కొద్దిమందికే తెలుసు. మొన్న ఒక రిసెప్షన్‌లో ఆసుపత్రిలో మా పై ఆఫీసరు బంధువులెవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టేశారు, మర్నాడు డ్యూటీకి వెళితే "ఏమ్మా, పెద్ద స్టారువైపోయావంట" అని ఒక మాట, దాని వెనకాల నవ్వుతూనే ఇంకో రెండు మాటలు. టెన్షన్‌గానే ఉంది కానీ అదలా ఉంచండి.

మా కీబోర్డు ఆయనకి పాత ఇంగ్లీషు పాటల పిచ్చి. ఇంగ్లండులో పాలీన్ బ్లాక్ అని ఒకావిడ ఉన్నారనీ, ద సెలెక్టర్ అనే స్కా (ఒక రకం హుషారు డాన్సు సంగీతం) బ్యాండులో పాడేవారనీ, అంతకుముందు ఆవిడా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారేననీ, అక్కడివాళ్ళకి తెలియకూడదని పేరే మార్చుకున్నారనీ చెప్పి ఒక వీడియో చూపించారు. సూటు, నెత్తిన టోపీ, చుట్టూ అందరూ మగాళ్ళు, ఆవిడ ఒక్కచోట నిలబడితే ఒట్టు. మైకు ముందు కదలకుండా నిలబడి పాడడమే పద్ధతి అని మాకు నేర్పారు మరి.

నిజంగా ఉద్యోగం చేస్తూనే పాడారా? ఎప్పుడు మానేశారు? పేరు మార్చుకుంటే ఏమైనా కలిసొస్తుందా? ఇంకోటి, ఈ స్కా దరువు మా ప్యాడ్స్ తమ్ముడికి ఎలా చెప్పాలి? ఎంత వినిపించినా మామూలు డిస్కో బీట్‌లోకి జారిపోతున్నాడు. లింకులు పెట్టకండి, అవి చదివే వచ్చాను.

రాజోలు_రికార్డులు:

నిజమేనమ్మా. కథ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదువు.

ఆవిడ 1953లో లండన్ పక్కన రామ్‌ఫర్డ్‌లో పుట్టారు. కన్నతల్లి యూదు కుటుంబానికి చెందిన ఇంగ్లీషావిడ, తండ్రి నైజీరియా ఆయన. పసితనంలోనే వికర్స్ అనే తెల్లవాళ్ళ కుటుంబం దత్తత తీసుకుంది. అంటే పెరిగిన ఇంట్లో ఆవిడ ఒక్కరే నల్లపిల్ల. కన్నతల్లి ఎవరో వెతికి పట్టుకునేసరికి ఆవిడకి నలభై దాటాయి, ఆ తల్లి అప్పటికి ఆస్ట్రేలియాలో ఉన్నారు. ఇదంతా 2011లో 'బ్లాక్ బై డిజైన్' అని ఆవిడే పుస్తకం రాశారు.

చదువు కోసం కోవెంట్రీ వచ్చి, రేడియోగ్రఫీ నేర్చుకుని అక్కడి ఆసుపత్రిలోనే చేరారు. సాయంత్రాలు పబ్బుల్లో గిటారు పట్టుకుని పాడేవారు. బ్యాండు ఎలా పుట్టిందో వింటే నవ్వొస్తుంది. నియోల్ డేవీస్ అనే కోవెంట్రీ గిటారిస్టు చేసిన ఒక వాద్యం ముక్కని 1979లో అదే ఊరి ఇంకో బ్యాండు ద స్పెషల్స్ వాళ్ళ 'గ్యాంగ్‌స్టర్స్' రికార్డుకి రెండోవైపు వేశారు, దాని మీద పేరు ద సెలెక్టర్. రికార్డు బాగా అమ్ముడుపోయింది, తీరా చూస్తే ఆ పేరుతో బ్యాండే లేదు! అప్పుడు హడావిడిగా మనుషుల్ని పోగేశారు. స్పెషల్స్‌లో గిటారు వాయించే లిన్వల్ గోల్డింగ్ పాలీన్‌ని తీసుకెళ్ళి పరిచయం చేశారు. ఆ ఏడే 'ఆన్ మై రేడియో' వచ్చి బ్రిటన్ చార్టులో 8వ స్థానం దాకా వెళ్ళింది. రేడియోలో ఎప్పుడూ అదే గోల అని విసుక్కునే పాట, దాన్నే రేడియోవాళ్ళు రోజూ వేశారు! నవంబరులో ఒకే వారం బీబీసీ టీవీ పాటల ప్రోగ్రామ్ 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో స్పెషల్స్, మ్యాడ్‌నెస్, సెలెక్టర్ మూడు బ్యాండులూ కనిపించాయి. టీవీలోకి ఎక్కాక ఇంక ఎక్కడ దాస్తావు. బ్యాండు పైకొచ్చిన ఆ రోజుల్లోనే ఉద్యోగం వదిలేశారు.

పేరు సంగతికొస్తే, నువ్వు విన్నది సగమే. ఆసుపత్రివాళ్ళకి తెలియకుండా ఉండడం ఒక కారణం. రెండోది, పెంచిన ఇంట్లో ఆవిడ గురించి 'బ్లాక్' అనడానికి ఇబ్బందిపడి 'కలర్డ్' అనేవాళ్ళు. ఇంటిపేరే బ్లాక్ అని పెట్టేసుకుంటే ఇంక అనక చస్తారా. నాకు ఈ రెండో కారణమే అసలుది అనిపిస్తుంది.

మండపేట_టు_కోవెంట్రీ:

అక్కా, నేను ప్రస్తుతం కోవెంట్రీలోనే ఎమ్మెస్సీ చేస్తున్నా. ఇక్కడ మన రెండు గోదావరి జిల్లాలవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్తే నమ్మవు, ఇండియన్ షాపులో పండుగప్ప ఎప్పుడొస్తుందని గొడవపడేది మనవాళ్ళే. వీళ్ళలో ఒక్కడికీ టూ టోన్ అంటే తెలీదు. నాకూ ఇక్కడికొచ్చాకే తెలిసింది. వాల్స్‌గ్రేవ్ రోడ్డులో చిన్న మ్యూజిక్ మ్యూజియం ఉంది, పార్ట్ టైమ్‌కి వెళ్ళే దారిలో గోడ మీద నలుపు తెలుపు గళ్ళు చూసి ఇదేంట్రా చదరంగం క్లబ్బా అనుకుని లోపలికెళ్ళా.

ఆ గళ్ళే అసలు విషయం. స్పెషల్స్‌లో కీబోర్డు వాయించే జెర్రీ డామర్స్ 1979లో టూ టోన్ రికార్డ్స్ అని రికార్డుల కంపెనీ పెట్టారు, సెలెక్టర్ మొదటి రికార్డులు వేసింది అదే, ఆ నలుపు తెలుపు గళ్ళు దాని గుర్తు. ఇది కార్ల ఫ్యాక్టరీల ఊరు. జమైకా నుంచి పనికొచ్చినవాళ్ళ పిల్లలు, ఇక్కడి తెల్ల కార్మికుల పిల్లలు ఒకే వీధిలో పెరిగారు. అప్పుడే ఫ్యాక్టరీలు మూతబడుతున్నాయి, నేషనల్ ఫ్రంట్ అని నల్లవాళ్ళని వెళ్ళగొట్టాలనే పార్టీ వీధుల్లో ఊరేగింపులు తీస్తోంది. అలాంటి టైములో నల్ల, తెల్ల కుర్రాళ్ళు కలిసి ఒకే స్టేజీ ఎక్కడం మామూలు విషయం కాదు. సెలెక్టర్‌లో ఏడుగురు, అందులో తెల్లవాడు నియోల్ డేవీస్ ఒక్కడే, ఆడమనిషి పాలీన్ ఒక్కరే. కింద జనంలో నాజీ సెల్యూట్లు కొట్టే గుండు బ్యాచ్ కూడా ఉండేది. వాళ్ళ ఎదుట ఆవిడ సూటేసుకుని గెంతుతూ పాడారు.

మా తాతయ్య డోలు వాయించేవారు. పెళ్ళిపందిట్లో ఆయన డోలుకి తల ఊపినవాళ్ళే భోజనాల వేళకి ఆయన్ని వేరే పంక్తిలో కూర్చోబెట్టేవారని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. ఆ మ్యూజియంలో నాకు గుర్తొచ్చింది అదే. స్టేజీ మీద కలవడం ఒక ఎత్తు, దిగాక కలవడం ఇంకో ఎత్తు.

పాలకొల్లు_పాట:

ఇద్దరికీ థాంక్సండి. తమ్ముడూ, నువ్వు చెప్పిన పంక్తి మాటకి మా ఇంట్లో కూడా కథలున్నాయిలే. దరువు సంగతి ఎవరూ చెప్పలేదు. వచ్చే వారం ప్రాక్టీసుంది.

అంబాజీపేట_క్లారినెట్:

దరువు నేను చెప్తానండి, బ్యాండు మేళంలో పుట్టి పెరిగినోళ్ళం.

స్కా ఇంగ్లండుది కాదు, 1950ల చివర్లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టింది. రెగే దీని తర్వాత వచ్చిందే. నాలుగు లెక్కపెట్టండి: ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ. గిటారు అంకె మీద మోగదు. అంకెకీ అంకెకీ మధ్య సందులో 'చక్' మని మోగి టక్కున ఆగిపోవాలి. డ్రమ్ము బరువు రెండు మీదా నాలుగు మీదా. బేస్ మాత్రం ఎక్కడా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ట్రాంబోన్, ట్రంపెట్ ఉంటే పైన వచ్చి వెళ్తాయి.

మీవాడు డిస్కోలోకి జారిపోతున్నాడంటే తప్పు వాడిది కాదు, మన ఊరేగింపు దరువంతా అంకె మీదే పడుతుంది, చేతికి అదే అలవాటు. మా సైడ్ డ్రమ్ము కుర్రాడికి నేను ఇలా చెప్పా: చెప్పులు విప్పి కుర్చీలో కూర్చో, మడమ నేలకి ఆనించి ముందుపాదంతో అంకె కొట్టు. పాదం లేచినప్పుడు చెయ్యి పడాలి, పాదం దిగినప్పుడు చెయ్యి పడితే మళ్ళీ మొదటికి. మొదట్లో చాలా నెమ్మదిగా, నిద్రొచ్చేంత నెమ్మదిగా చెయ్యాలి. చిరాకుపడి వదిలేస్తాడు, మళ్ళీ కూర్చోబెట్టండి. స్పీడు తర్వాత దానంతటదే వస్తుంది.

ఇంకో మాట. ముందు సెట్ కావాల్సింది ప్యాడ్స్ కాదు, కీబోర్డు. ఆయన్ని ఆర్గాన్ టోన్ పెట్టుకోమనండి, కుడిచేత్తో సందులో కొట్టి వెంటనే ఎత్తేయాలి, సినిమా పాటల్లోలాగా కార్డు సాగదీశారో మొత్తం పోయింది. సెలెక్టర్‌లో డెస్మండ్ బ్రౌన్ హామండ్ ఆర్గాన్ వాయించిన తీరు వినమనండి. పాలీన్ గొంతు కూడా గమనించండి, రాగాలు తీయరు, మాటని విసిరేసి తప్పుకుంటారు. మనకి గమకాలు అలవాటు కదా, మీక్కూడా అక్కడే కష్టమవుతుంది, దరువు కంటే ఎక్కువ.

యానాం_ఈవెంట్స్:

అందరూ బాగానే చెప్పారు కానీ ఎవరూ చెప్పనిది నేను చెప్తా, ఏమీ అనుకోవద్దమ్మా. ఆర్కెస్ట్రాలు నడిపే మనిషిని.

ఆవిడ ఉద్యోగం మానేసిన కథ బాగుంది, ఆ తర్వాతది కూడా చూసుకో. 1980లో మొదటి ఆల్బమ్ 'టూ మచ్ ప్రెజర్' 5వ స్థానం దాకా వెళ్ళింది, అదే ఏడాది ఆర్గాన్ ఆయనా బేస్ ఆయనా బ్యాండులోంచి బయటికొచ్చేశారు. 1981లో 'సెలబ్రేట్ ద బుల్లెట్' అని పాట తెచ్చారు, తుపాకులకి వ్యతిరేకంగానే, కానీ జాన్ లెనన్‌ని కాల్చి చంపి ఎన్నో నెలలు కాలేదు, ఆ పేరు చూసి రేడియోవాళ్ళు వెనక్కి తగ్గారు. అక్కడితో బ్యాండు చెల్లాచెదురు. అంటే గట్టిగా రెండు మూడేళ్ళు, అంతే. తర్వాత ఆవిడ టీవీలో యాంకరింగ్ చేశారు, నాటకాల్లో వేశారు, జాజ్ గాయని బిల్లీ హాలిడే పాత్రకి 1991లో అవార్డు కూడా వచ్చింది. ఆ రోజుల్లోనే బ్యాండు మళ్ళీ కూడింది, ఆవిడ ఇప్పటికీ పాడుతున్నారు, 2022లో ప్రభుత్వం ఓబీఈ అనే బిరుదు ఇచ్చింది. గట్టి మనిషి కాబట్టి నిలబడ్డారు. బ్యాండుని నమ్ముకుని మాత్రం కాదు.

కాబట్టి ఉద్యోగం మానకు. నీ అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి, బయట పని చేసుకోకూడదని ఎక్కడైనా రాసి ఉందేమో చదువు. గవర్నమెంటు ఉద్యోగమైతే బయట డబ్బు తీసుకుని పని చెయ్యడానికి మామూలుగా ముందు పర్మిషన్ కావాలి, ప్రైవేటులో అది లెటర్‌ని బట్టి ఉంటుంది. అందులో ఏమీ లేకపోతే ఎవరి నవ్వులకీ జవాబు చెప్పక్కర్లేదు. పేరు మార్చుకోవడం 1979లో పనికొచ్చిందేమో గానీ ఇప్పుడు ప్రతివాడి చేతిలోనూ కెమెరా ఉంది, మొహం మార్చుకోలేవుగా.

అన్నిటికంటే ముఖ్యం, మీ ఆర్కెస్ట్రా పేరు ఎవరిదో ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి. సెలెక్టర్‌లో నియోల్ డేవీస్, పాలీన్ ఇద్దరూ ఆ పేరు నాదంటే నాదని తగువుపడ్డారు, రెండు సెలెక్టర్లు తిరిగిన రోజులున్నాయి, ట్రేడ్‌మార్కు దాకా వెళ్ళి చివరికి పేరు ఆవిడకి దక్కింది. మన దగ్గరైతే ట్రేడ్‌మార్కూ ఉండదు, పాడూ ఉండదు, బ్యానరూ బుకింగ్ ఫోన్ నంబరూ ఎవడి దగ్గరుంటే వాడిదే పేరు. పాడే ఆడపిల్ల దగ్గర ఆ రెండూ ఉండడం నేనెక్కడా చూళ్ళేదు. మీ బ్యానర్ మీద ఎవరి నంబరుంది?