మొదటి అయిదుగురిలో చోటు పోయినా నవ్వుతూ ఆడటం గొప్పతనమా?

నది ఒడ్డు:
కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నాలుగో ఏడాది ఆటగాడిని బెంచి మీద కూర్చోబెట్టి, నిన్న కాక మొన్న వచ్చిన కుర్రాళ్లతో ఆట మొదలుపెడితే అతడు ఏం చేయాలి? నాకు అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం జట్టులోని డేరియస్ మిల్లర్ గుర్తుకొస్తాడు. ఓహాయో నది పక్కన మేస్‌విల్ అనే చిన్న ఊరివాడు. 2008లో కెంటకీ రాష్ట్రంలో ఉత్తమ హైస్కూలు ఆటగాడు. 2011లో ఎస్ఈసీ అనే విశ్వవిద్యాలయాల కూటమి టోర్నమెంటులో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతడిదే. ఆ తర్వాతి సీజనుకు ఆంథొనీ డేవిస్, మైకేల్ కిడ్-గిల్‌క్రిస్ట్, మార్క్విస్ టీగ్ చేరారు. మిల్లర్ ఎక్కువ ఆటల్లో ఆరో ఆటగాడిగా, అంటే బెంచి మీంచి లేచి దిగాడు. అలగలేదు, ఆట తగ్గించలేదు. సగటున పది పాయింట్ల దాకా చేశాడు. 2012 ఏప్రిల్ 2న కాన్సస్‌ను 67-59తో ఓడించి ఆ జట్టు జాతీయ విజేత అయింది. ఇది గొప్పతనమే అంటాను.

మూడో వరుస:
మిల్లర్ మంచివాడు కాదని నేను అనను. కానీ ఈ పొగడ్తలో నాకు అన్యాయం కనిపిస్తోంది. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అప్పటి నిబంధన ప్రకారం ఆటగాడు మరో కాలేజీకి మారితే సాధారణంగా ఏడాది పాటు ఆటకు దూరంగా ఉండాలి. చివరి ఏడాదిలో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? అదే మిల్లర్ కోచ్ జాన్ కాలిపారి 2009లో మెంఫిస్ వదిలి కెంటకీకి వచ్చి ఆ సీజనులోనే పని మొదలుపెట్టారు. పెద్దాయనకు లేని శిక్ష కుర్రాడికి ఎందుకు? తలుపు మూసి, లోపల ఉన్నవాడి ఓర్పును మెచ్చుకోవడం న్యాయమా?

నది ఒడ్డు:
నిబంధన అన్యాయమైనదే, అందులో మీతో వాదన లేదు. అయితే దారి లేనివాళ్లందరూ ఒకేలా ప్రవర్తించరు కదండీ. ముఖం మాడ్చుకుని జట్టును రెండు ముక్కలు చేసినవాళ్లనూ చూశాం. 2012 ఎస్ఈసీ టోర్నమెంటులో మొదటి ఏడాది కుర్రాడు కిడ్-గిల్‌క్రిస్ట్ తనంతట తానే కోచ్ దగ్గరకు వెళ్లి, నా బదులు మిల్లర్‌తో ఆట మొదలుపెట్టండి అని అడిగాడు. ఆ ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేచోట, రెండో స్థానంలో ఎంపికైనవాడు! ఆ ఎస్ఈసీ టోర్నమెంటు ఫైనల్లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం చేతిలో 71-64తో ఓడిపోయారన్నది నిజమే. అయినా అంత పేరున్న కుర్రాడు తన చోటు ఇవ్వాలనుకున్నాడంటే, మిల్లర్ ఏడాదంతా ఎలా మెలిగి ఉంటాడో నేను ఊహించగలను. కోచ్ ఆజ్ఞతో వచ్చే గౌరవం కాదది.

హాస్టల్ కోర్టు:
మీరిద్దరూ ఆరో ఆటగాడి దగ్గరే ఆగిపోయారు. మిల్లర్ 40 నిమిషాల ఆటలో సగానికి పైగా కోర్టులోనే ఉండేవాడు. పదకొండో వాడి సంగతి ఏమిటి? నేను ఇంజనీరింగ్‌లో కాలేజీ జట్టుకు ఆడాను. రెండో ఏడాది మొదలుపెట్టే అయిదుగురిలో ఉన్నవాడిని మూడో ఏడాది చివరి బెంచికి పంపారు. ఎందుకో ఒక్క మాట చెప్పలేదు. డిఫెన్స్ బాగాలేదనో, పరుగు తగ్గిందనో చెప్పి ఉంటే నేను ఇంకో గంట చెమటోడ్చేవాణ్ణి. కారణం తెలియనివాడిని హుందాగా ఉండమనడం క్రూరం.

మూడో వరుస:
హాస్టల్ కోర్టు గారి మాటతో ఏకీభవిస్తాను. నది ఒడ్డు గారూ, మీరు చెప్పిన కిడ్-గిల్‌క్రిస్ట్ సంగతి నన్ను కదిలించింది. బెంచి వల్ల మిల్లర్ భవిష్యత్తు పాడైందని కూడా అనలేను. 2012 డ్రాఫ్టులో కెంటకీ నుంచి ఆరుగురు వెళ్లారు. న్యూ ఆర్లియన్స్ జట్టు మొదటి స్థానంలో డేవిస్‌ను తీసుకుని, 46వ స్థానంలో మిల్లర్‌నూ తీసుకుంది. కానీ 2021లో నిబంధన మారింది. ఏడాది ఆగకుండా కాలేజీ మారవచ్చు, తన పేరును ప్రకటనలకు ఇచ్చి డబ్బు కూడా సంపాదించవచ్చు. ఇప్పుడు వేరే చోట మొదటి అయిదుగురిలో స్థానం, ఇక్కడికంటే ఎక్కువ డబ్బు దొరుకుతాయని తెలిసీ ఆరో ఆటగాడిగా ఉండిపోయేవాడు ఉంటే, అతడికి నేను ముందుగా చప్పట్లు కొడతాను. వెళ్లిపోయినవాడిని మాత్రం స్వార్థపరుడని అనవద్దు.